పేరా మొదటి నుంచి చదువు

చిరంజీవికి,

అమెరికా సుప్రీంకోర్టు జడ్జి జాన్ మార్షల్ హార్లన్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. సిరాబుడ్డి ఘట్టం బాగుంది. ప్లెస్సీ కేసు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది.

1896. రైల్లో నల్లవాళ్ళకు వేరే పెట్టె ఉండొచ్చని ఏడుగురు జడ్జీలన్నారు, హార్లన్ ఒక్కడే కాదన్నాడు. మన రాజ్యాంగానికి రంగు కనపడదన్న ఆయన మాట ఎత్తి రాసి, చప్పట్లు కొట్టించి ముందుకెళ్ళిపోయావు. ఆ పేరా ఎలా మొదలైందో చూశావా? ఈ దేశంలో తెల్లజాతిదే పైచేయి, ఎప్పటికీ అలాగే ఉంటుంది అంటూ. ఇంకాస్త కిందికి దిగితే చైనీయుల మీద ఈసడింపు. పౌరసత్వానికే నోచుకోని ఆ జాతివాడు తెల్లవాళ్ళ పెట్టె ఎక్కొచ్చు, అంతర్యుద్ధంలో యూనియన్ (ఉత్తరాది పక్షం) కోసం ప్రాణాలొడ్డిన నల్లవాడు ఎక్కకూడదా అని వాదన! ఇవన్నీ నువ్వు చదవలేదా, చదివి దాచావా?

పత్రికలు నేర్పిన జబ్బిది. ఫోటో, పుట్టిన తేదీ, రెండు సూక్తులు, దండం. ఒక వారపత్రికకు మా ఊరి ప్లీడరుగారి గురించి రాశాను. సభల్లో అంటరానితనం మీద నిప్పులు కురిపించేవాడు, ఇంట్లో పాలేరుకు మాత్రం గడప అవతలే మంచినీళ్ళు. ఆ ముక్క ఎడిటరు కొట్టేశాడు. "మహనీయుల శీర్షిక కదండీ!" అన్నాడు. అచ్చయ్యాక ప్లీడరుగారి కూతురే ఉత్తరం రాసింది, ఇందులో మా నాన్న ఎక్కడున్నాడండీ అని.

హార్లన్‌ది కెంటకీలో బానిసలున్న ఇల్లు. యుద్ధంలో యూనియన్ వైపు కల్నల్, అయినా బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో సవరణ వద్దన్నాడు. తర్వాత మారాడు. 1871లో, 1875లో గవర్నర్ పదవికి నిలబడి ఓడాడు. 1877లో ప్రెసిడెంట్ హేస్ సుప్రీంకోర్టుకు పంపితే 1911లో పోయేదాకా అక్కడే. ఇంత మలుపును రెండు లైన్లలో తేల్చేస్తావా?

సిరాబుడ్డి కథలోనూ అసలు సంగతి వదిలేశావు. నల్లవాళ్ళు పౌరులే కారన్న 1857 డ్రెడ్ స్కాట్ తీర్పు రాసిన చీఫ్ జస్టిస్ ట్యానీ వాడిన బుడ్డి అది. ట్యానీ బంధువొకామెకు ఇస్తానని హార్లన్ మాటిచ్చాడు, భార్య మాల్వినా దాచేసింది. 1883లో, హోటళ్ళలో రైళ్ళలో జాతివివక్ష వద్దన్న చట్టాన్ని మిగతా జడ్జీలు కొట్టేసిన పౌరహక్కుల కేసుల్లో, అసమ్మతి తీర్పు రాయలేక ఆయన సతమతమవుతుంటే, ఆదివారం చర్చికెళ్ళిన సమయం చూసి, దాన్ని తుడిచి సిరా పోసి బల్లమీద పెట్టింది. మిగతా బుడ్లన్నీ తీసేసింది. ఆ దాచిన సంగతి లేకపోతే కథలో ఉప్పేదీ?

కమింగ్ కేసు పేరే ఎత్తలేదు నువ్వు. జార్జియాలోని ఆగస్టాలో నల్లపిల్లల ప్రభుత్వ హైస్కూలు మూసేశారు, తెల్ల ఆడపిల్లల హైస్కూలు మాత్రం నడిచింది. అది చెల్లుతుందని 1899లో కోర్టు తరఫున తీర్పు రాసింది ఈ హార్లనే. ప్లెస్సీ పక్కనే దాన్ని పెట్టు. పేజీలు ఎక్కువైతే బాల్యం కొట్టెయ్, ఎవరూ అడగరు.

ఏ పత్రికకు పంపాలో నన్నడక్కు.

ఆశీస్సులతో...