బీ2 దాటాక చెక్ భాషలో ఎంఏ: కష్టం విభక్తుల దగ్గర కాదు

చెక్ భాషలో బీ2 (యూరప్ భాషా పరీక్షల ఆరు స్థాయిల్లో నాలుగోది) పాసయ్యాను, ప్రాగ్‌లో చార్లెస్ యూనివర్సిటీలో చెక్ భాషా సాహిత్యాలే ఎంఏ చేయాలనుంది, ఏడు విభక్తులు తలచుకుంటేనే భయమేస్తోంది, తెలుగువాళ్లం నెగ్గుకురాగలమా అని అడిగారు. అక్కడే చదివినదాన్ని కాబట్టి చెబుతున్నా, నెగ్గుకొస్తారు. విభక్తుల టెన్షన్ వదిలేయండి. హ్రస్వదీర్ఘాల తేడా మన చెవికి పుట్టుకతోనే తెలుసు, నువ్వు-మీరు తేడా వాళ్లకీ ఉంది, బీ2 దాకా వచ్చారంటే మిగతాది అలవాటైపోతుంది.

అసలు చిక్కు ఏమిటంటే అక్కడ చెక్‌లు రెండు. పుస్తకాల్లో ఉండేది స్పిసొవ్నా, ప్రాగ్ జనం నోట్లో ఉండేది ఒబెత్స్నా. మంచి అనే అర్థంలో మీరు నేర్చుకున్న 'దొబ్రీ' యూనివర్సిటీ మెస్‌లో 'దొబ్రెయ్' అయిపోతుంది, కిటికీని 'ఒక్నొ' అనకుండా 'వొక్నొ' అంటారు, మనం ఒళ్లుని వొళ్లు అన్నట్టే. సెమినార్‌లో పుస్తకంలా మాట్లాడిన మనిషే తలుపు దాటగానే వేరే భాషలోకి దిగిపోతారు. దేశానికి తూర్పున ఉన్న మొరావియా వైపు వెళ్తే మాట మళ్లీ వేరు. ఇదెలా వచ్చిందంటే, 1809లో యోసెఫ్ దొబ్రొవ్‌స్కీ వ్యాకరణం రాసినప్పుడు తన కాలపు జనం మాటను కాకుండా 16వ శతాబ్దపు గ్రంథభాషను ప్రమాణంగా తీసుకున్నాడు, తర్వాతి రచయితలు ఆ దారినే నడిచారు. గిడుగు రామమూర్తి గారి పోరాటం గురించి చదివినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే మన వ్యావహారికం పేపర్లకీ పాఠాలకీ ఎక్కింది, ఒబెత్స్నా మాత్రం నవలల్లో సంభాషణల దాకా వచ్చి దాదాపు అక్కడే ఆగింది. కాబట్టి మీరు రాయడానికి ఒకటి, బతకడానికి ఒకటి, రెండూ నేర్చుకోవాలి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ పని పెట్టింది పదక్రమం. 'పెత్ర్ కౌపిల్ ఔతొ' అంటే పెత్ర్ కారు కొన్నాడని. 'ఔతొ కౌపిల్ పెత్ర్' అంటే ఆ కారు కొన్నది పెత్ర్ అని. పదాలన్నీ అవే, కొత్తగా చెప్పదలచుకున్నది వాక్యం చివరికి వెళ్తుంది, అంతే. మనకు క్రియని చివర పెట్టే అలవాటు కదా, చెక్‌లో అలా పెడితే చదివేవాళ్లు ఆ క్రియే ముఖ్యమనుకుంటారు. థీసిస్ చిత్తుప్రతిలో మా గైడ్ గారు వ్యాకరణం జోలికి పోకుండా పెన్సిల్‌తో బాణాలే గీసేవారు, ఈ పదం అక్కడికి, ఆ పదం ఇక్కడికి అని. 1926లో ప్రాగ్ లింగ్విస్టిక్ సర్కిల్ అనే భాషాశాస్త్రవేత్తల బృందాన్ని మొదలుపెట్టిన విలేమ్ మతెజియుస్ దీని గురించే రాశాడు, ఎంఏలో చేరకముందే అది చదివేయండి, నా మాట వినండి.

మనకు నిజంగా కలిసొచ్చేది పాత చెక్ చదివేటప్పుడు. 16వ శతాబ్దం చివర్లో వచ్చిన క్రలిత్సె బైబిల్ అనే చెక్ అనువాదంలోనూ, 19వ శతాబ్దపు గద్యంలోనూ ప్షెఖొద్నీక్ అనే రూపాలు తెగ కనిపిస్తాయి, ఇప్పటి మాటలో దాదాపు లేవు, అందుకే చెక్ విద్యార్థులే వాటి దగ్గర తడబడతారు. మన 'మోస్తూ', 'చేసి' చేసే పనే అవీ చేస్తాయి. లింగవచనాలను బట్టి రూపం మారుతుంది, మోస్తూ అనడానికి మగవాడైతే 'నెస', ఆడమనిషైతే 'నెసౌత్స్', బహువచనమైతే 'నెసౌత్సె'. అది బట్టీ పడితే చాలు, మిగతా తర్కమంతా మనం పొద్దున్నుంచి రాత్రి దాకా వాడేదే.

డబ్బు సంగతి: చెక్ మీడియంలో చదివితే ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏ దేశం వాళ్లకైనా ట్యూషన్ ఫీజు లేదు, నిర్ణీత కాలం దాటి మరీ సాగదీస్తేనే కట్టాలి. ఇంగ్లిష్ మీడియం అయితే ఫీజు ఉంటుంది.

క్లాసులు మొదలయ్యేలోపు ఖాళీ దొరికితే ఇంకో వ్యాకరణం పుస్తకం కొనకండి. నిజంగా రాసిన, మాట్లాడిన చెక్ వాక్యాలను పోగుచేసిన ఆన్‌లైన్ భాండాగారం చెక్ నేషనల్ కార్పస్‌లో ఉచితంగా రిజిస్టర్ అయి, ఒక్కో క్రియ తీసుకుని అది నిజం వాక్యాల్లో ఎక్కడ కూర్చుంటుందో రోజూ కాసేపు చూడండి. మామూలు మనుషుల సంభాషణలు ఎక్కించిన విభాగాలు కూడా అందులో ఉన్నాయి, మెస్‌లో వినబోయే చెక్ అదే.