కాగితం తీసుకున్నారు, కేసు కట్టలేదు

ప్రశ్న: బస్టాండు దగ్గర పెట్టిన మా బైకు పోయింది. స్టేషన్‌కి వెళ్తే ‘మా పరిధి కాదు’ అన్నారు. బతిమాలితే ఫిర్యాదు తీసుకుని పంపేశారు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: పరిధి సాకు చెల్లదండీ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. తర్వాత సంబంధిత స్టేషన్‌కు వాళ్లే పంపుతారు. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. చాలామంది ఇక్కడే జారిపోతారు.

ఫిర్యాదు అందినట్టు ఇచ్చే రసీదు ఎఫ్‌ఐఆర్ కాదు. నంబరు, తేదీ, సెక్షన్లు ఉన్న ఎఫ్‌ఐఆర్ నకలు అడగండి, అది ఉచితం. ఫిర్యాదులో రిజిస్ట్రేషన్, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, బండి ఆపిన చోటు, సమయం రాయండి. ‘బండి కనబడుటలేదు’ అని రాయమంటారేమో, ఒప్పుకోకండి. ‘దొంగిలించారు’ అనే రాయండి. లేకపోతే బీమా దగ్గర పేచీ వస్తుంది.

అప్పటికీ కేసు కట్టకపోతే, ఫిర్యాదు సారాంశాన్ని ఎస్పీకి (కమిషనరేట్‌లో అయితే డీసీపీకి) స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. ఎస్పీకి రాయకుండా నేరుగా కోర్టుకు వెళ్తే అర్జీ నిలవదు.

కేసు కట్టాక, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు చెప్పాల్సిన బాధ్యత పోలీసులదే. చెప్పకపోతే ఎఫ్‌ఐఆర్ నంబరు వేసి రాతపూర్వకంగా అడగండి.