ఎకో నవల 60 పేజీల దగ్గరే ఆగిపోయిందా?

"అందరూ గొప్ప మిస్టరీ అంటుంటే 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' కొన్నాను, 60 పేజీలు దాటలేకపోతున్నాను, వదిలేయనా?" అని అడిగారు కదా. తప్పు మీది కాదు. మొదటి వంద పేజీలు తగ్గించమని స్నేహితులు, ఎడిటర్లు చెప్పినా రచయిత, ఇటలీకి చెందిన ఉంబెర్టో ఎకో వినలేదట. కథ జరిగే మఠానికి కొండెక్కి వెళ్లేవాడికి ఆ ఆయాసం ఉండాల్సిందే అన్నది ఆయన పట్టుదల. నాకైతే కాస్త మొండితనమే అనిపిస్తుంది.

నేనూ మొదటిసారి వదిలేసినవాణ్ణే. రెండోసారి ఇలా చదివాను: చర్చి తలుపు మీది శిల్పాల వర్ణన, మతశాఖల గొడవలు పైపైన చూసుకుంటూ పోయాను. గుర్రం సంగతి మాత్రం మళ్లీ చదవండి. మంచులో గిట్టల జాడలు, ముళ్లపొదకి చిక్కుకున్న నల్లటి వెంట్రుకలు, విరిగిన కొమ్మలు. అంతే, కళ్లతో చూడని గుర్రం ఎత్తు, పేరు కూడా చెప్పేస్తాడు మిస్టరీ విప్పే సన్యాసి విలియం. నవలంతా ఆ ముక్కలోనే ఉంది. కథ 1327లో, ఏడు రోజుల్లో జరుగుతుంది. రెండో రోజు పొద్దున పందిరక్తపు జాడీలో శవం కనిపించాక మీరే ఆపలేరు.

అప్పటికీ ఎక్కకపోతే జోసఫీన్ టే 'ది డాటర్ ఆఫ్ టైమ్' (1951) పట్టుకోండి. కాలు విరిగి ఆసుపత్రి మంచం మీదున్న ఇన్‌స్పెక్టర్, ఒక్క బొమ్మ చూసి ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ మీదున్న హత్యానేరాన్ని తిరగదోడతాడు. సన్నటి పుస్తకం, రెండు రాత్రుల పని. ఎకో అంతవరకూ బీరువాలో ఉంటాడు లెండి.