సెలైన్ సీసాలు మార్చే ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరంలో ఉంది. చదువు అవ్వగానే ఇన్ఫ్యూజన్ సెంటర్‌లో చేరతానంటోంది. రోజంతా సెలైన్ సీసాలు మార్చడమేగా, అందులో ఎదుగుదల ఏముంటుంది?

జవాబు: అలా తీసిపారేయకండి. పేషెంట్ అడ్మిట్ కాకుండా పొద్దున వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికెళ్లే చోటది. కీమో ఒక్కటే కాదు, కీళ్లవాతానికి ఇన్‌ఫ్లిక్సిమాబ్, రక్తహీనతకు ఐరన్, కొన్నిచోట్ల రక్తం కూడా అక్కడే ఎక్కిస్తారు.

అక్కడ లెక్క ఎక్కువగా కుర్చీలతో. వెనక్కి వాలే ఆ కుర్చీ ఒకరికి అరగంట చాలు, మరొకరికి ఆరు గంటలు కావాలి. ఎవరికి ఏ టైమివ్వాలో షెడ్యూలర్, ఎవరిని ఏ నర్సుకు అప్పగించాలో చార్జ్ నర్సు చూస్తారు. కీమో అయితే రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు సరిపోయాయని తేలాకే మందు కలుపుతారు. ఫార్మసిస్టు డోసు సరిచూస్తారు. టెక్నీషియన్ రెండు జతల గ్లవ్స్ వేసుకుని ప్రత్యేక క్యాబినెట్‌లో కలుపుతారు. మందు కుర్చీ దగ్గరికొచ్చాక ఇద్దరు నర్సులు ఎవరికి వారు పేరు, మందు, డోసు, వేగం మళ్లీ చూసుకుంటారు. డాక్టర్ పక్కనే ఉండరు, పిలిస్తే వచ్చేంత దూరంలో ఉంటారు.

నర్సు పనితనం తెలిసేది ఆ తర్వాతే. కొన్ని క్యాన్సర్లకు వాడే రిటుక్సిమాబ్ అనే మందును మొదటిసారి సాధారణంగా గంటకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అరగంటకోసారి పెంచుతూ పోతారు. మధ్యలో పేషెంట్ "గొంతులో ఏదో గరగరగా ఉందమ్మా" అన్నారనుకోండి, అది మందు పడట్లేదనడానికి గుర్తు కావచ్చు. ముందు మందు ఎక్కించే పంపు ఆపాలి, ఆ తర్వాతే డాక్టర్‌ని పిలవాలి. డాక్సోరూబిసిన్ అనే కీమో మందు నరం బయటికి కారితే చర్మం, కింది కండ కూడా పుండు పడొచ్చు. ఇదంతా చూస్తూనే పక్క కుర్చీల్లో మరో ఇద్దరు ముగ్గురిని కనిపెట్టుకుని ఉండాలి.

అందుకే చదువు అవ్వగానే నేరుగా అక్కడికి వెళ్లమని నేను చెప్పను. ముందు ఒకటి రెండేళ్లు వార్డులో, వీలైతే క్యాన్సర్ వార్డులో చేయమనండి. నైట్ డ్యూటీలు కష్టమే. కానీ నరం దొరకని చేతికి కాన్యులా వేయడం, బీపీ పడిపోయిన మనిషి ముందు టెన్షన్ పడకుండా నిలబడడం అక్కడే అలవాటవుతాయి. ఆ తర్వాత కీమో ఇవ్వడంలో, పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) వాడడంలో శిక్షణ తీసుకుంటే చార్జ్ నర్సుగా, కొత్త నర్సులకు నేర్పే ఎడ్యుకేటర్‌గా ఎదగొచ్చు. ఈ సెంటర్లు చాలావరకు పగటిపూటే నడుస్తాయి, అది పెద్ద ఊరట.

ఒక్క విషయం మాత్రం అమ్మాయినే అడగండి. నెలల తరబడి అదే కుర్చీలో కూర్చున్న మనిషి ఒక వారం రాకపోతే ఆ బాధ ఓర్చుకోగలదా? కాలేజీ ద్వారా అనుమతి తీసుకుని ఒక్కరోజు ఆ సెంటర్‌లో గడిపి రమ్మనండి. ఇంటికొచ్చాక ఏం చెబుతుందో పూర్తిగా వినండి.