తలుపు తట్టే మనిషిని రాయి

తమ్ముడికి,

'భయం పుట్టించే సైకలాజికల్ బొమ్మల కథ రాశాను, చూసి చెప్పు' అంటూ నువ్వు పంపిన 40 పేజీల స్క్రిప్టూ, దానితో పెట్టిన పెన్సిల్ బొమ్మలూ రెండుసార్లు చూశాను. మొదటిసారి ఒక్క ఊపున చదివేశాను. రెండోసారి ఎక్కడెక్కడ మనసు పక్కకు పోతోందో అక్కడ టిక్కు పెట్టుకుంటూ చదివాను. నీ చేతిలో పనితనం ఉంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ 12వ పేజీ దాకా కూలిన మేడలు, ఎర్రటి ఆకాశం, రోడ్ల మీద శవాలు, హెల్మెట్ల వెనక మొహాలు కనబడని సైనికులే ఉన్నారు. 13వ పేజీకి గానీ ఒక మనిషి నోరు విప్పలేదు. ఆ మనిషి పొద్దున ఏం తిన్నాడో, ఎవరి కోసం ఎదురుచూస్తున్నాడో 40వ పేజీకి కూడా నాకు తెలియలేదు. అందుకే భయం వెయ్యలేదు.

మాంగా, అదే జపాన్ బొమ్మల కథలు, అంటే ప్రాణమని రాశావు కదా, అక్కడి నుంచే మాట్లాడతాను.

'ఇకిగామి' చదివావా? చదవకపోతే ముందు ఆ పని చెయ్యి. మోటోరో మాసే 2005లో మొదలుపెట్టి 2012 దాకా గీశాడు, పది సంపుటాలు. అందులో జపాన్ మనకు తెలిసిన జపానే. రైళ్లు టైముకి వస్తాయి, దుకాణాల్లో లైట్లు వెలుగుతుంటాయి, ఆఫీసుల్లో జనం ఒకరికొకరు మర్యాదగా వంగి పలకరించుకుంటారు. మారింది ఒక్క చట్టం. బడిలో చేరే ప్రతి బిడ్డకీ టీకా వేస్తారు. 1000 మందిలో ఒకరికి ఆ టీకాతో పాటు కంటికి ఆనని క్యాప్సూల్ కూడా ఒంట్లోకి వెళ్తుంది. 18 ఏళ్లకీ 24 ఏళ్లకీ మధ్య, ముందే రాసిపెట్టిన రోజున, రాసిపెట్టిన క్షణాన ప్రాణం తీస్తుంది. ఎవరికి పడిందో ఎవరికీ తెలియదు. చావుకు 24 గంటల ముందు ప్రభుత్వ ఉద్యోగి ఒకడు ఇంటికొచ్చి 'ఇకిగామి' అనే కాగితం ఇస్తాడు. ఎప్పుడు పోతామో తెలియకపోతేనే జనానికి ప్రాణం విలువ తెలిసొస్తుందని, అప్పుడే దేశం బాగుపడుతుందని ఆ ప్రభుత్వం వాదన.

కల్పించింది అంతే, ఒక్క చట్టం. ఇక దాని చుట్టూ పేర్చిన చిన్న చిన్న నిబంధనలు చూడు. ఆ కాగితం చూపిస్తే చివరి రోజు ప్రయాణానికీ తిండికీ డబ్బులు కట్టక్కర్లేదు. వెనకున్న కుటుంబానికి పెన్షన్ వస్తుంది. ఆ రోజు అతను ఏదైనా నేరం చేస్తే ఆ పెన్షన్ పోతుంది. ఈ చివరి నిబంధన దగ్గర నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మొదటి కథలో కుర్రాణ్ణి బడిలో చిత్రహింసలు పెట్టినవాళ్లు హాయిగా బతుకుతున్నారు. వాడి చేతిలో ఒక్క రోజుంది. పగ తీర్చుకోవాలని ఉంది. తీర్చుకుంటే వాడు పోయాక ఇంట్లోవాళ్ల గతేమిటి? ఒక చిన్న నిబంధన వాడి మనసును రెండుగా చీల్చేసింది. ఎర్రటి ఆకాశం ఎంత గీసినా ఆ పని చెయ్యలేదు.

అసలు సంగతి ఇంకా ఉంది. పది సంపుటాల్లోనూ మన వెంట ఉండేది చచ్చిపోయేవాళ్లు కాదు, ఆ కాగితాలు పంచే ఫుజిమోటో అనే కుర్రాడు. వార్డు ఆఫీసులో ఉద్యోగం. చెడ్డవాడు కాదు. వెళ్తాడు, ఇస్తాడు, ఆఫీసుకు తిరిగొస్తాడు. లోపల ఏదో తొలుస్తుంటుంది గానీ బయటికి అనలేడు, ఎందుకంటే ఆ చట్టాన్ని తప్పుపట్టడమే అక్కడ నేరం. సైకలాజికల్ అని మనం అంటున్నది ఇదే. పిచ్చెక్కినవాడి నవ్వూ, తలకిందులైన కళ్లూ కాదు. మామూలు మనిషి మామూలుగా డ్యూటీ చేసుకుని ఇంటికెళ్లి, అన్నం ముందు కూర్చుని, తినలేక లేవడం.

ఆ కాగితం గాల్లోంచి పుట్టింది కూడా కాదు. యుద్ధకాలంలో జపాన్‌లో సైన్యంలోకి రమ్మనే పిలుపు ఎర్ర కాగితం మీద వచ్చేది. 'అకగామి' అంటే ఎర్ర కాగితమనే అర్థం. ఊరి ఆఫీసు గుమాస్తా ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు, ఇస్తూ శుభాకాంక్షలు చెప్పేవాడు. కొడుకు పోతున్నాడని తెలిసీ ఆ తల్లి తల వంచి తీసుకోవాలి. ఇకిగామి అన్న మాట వినగానే అక్కడి పాఠకుడి చెవిలో అకగామి మోగుతుంది. వాళ్ల తాతల ఇళ్ల తలుపు తట్టిన కాగితమే మళ్లీ వచ్చి తట్టింది.

నాకు ఆ ఫుజిమోటో ఎందుకు అంత దగ్గరయ్యాడో చెప్తాను. మా చిన్నప్పుడు మా వీధిలోకి టెలిగ్రాం పట్టుకుని ఒకాయన సైకిల్ మీద వచ్చేవాడు. మన దేశంలో టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది, నీకు గుర్తుండకపోవచ్చు. ఆ రోజుల్లో టెలిగ్రాం అంటే ఎవరో పోయారనే. ఆయన సైకిల్ మలుపు తిరగ్గానే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. ఒకసారి మా పక్కింటి గడప ముందు ఆగాడు. ముందు ఆ ఇంటావిడ చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆమెకు సంతకం తప్ప చదువు రాదు. చదివి పెట్టమని ఆయనకే తిరిగి ఇచ్చింది. ఆయన చదివాడు. ఆమె కూలబడిపోయింది. ఆయన పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, సైకిల్ స్టాండు తీసి, మళ్లీ వేసి, అక్కడే నిలబడ్డాడు. వెళ్లాలో ఉండాలో తేల్చుకోలేకపోయాడు. ఆ స్టాండు చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది. ఇన్నేళ్లు రాశాను గానీ ఆమె ఏడుపు ఎలా ఉండేదో గుర్తు లేదు, ఆ చప్పుడే గుర్తుంది.

'ది ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్' నీకిష్టమన్నావు. కైయు షిరాయి రాస్తే పొసుకా డెమిజు గీసిన ఆ కథ 2016లో మొదలై 2020లో ముగిసింది. దాని మొదటి అధ్యాయం మళ్లీ తీసి చూడు. అనాథాశ్రమం, తెల్లటి బట్టలు, వేడి వేడి టిఫిను, ప్రేమగా చూసుకునే అమ్మ, రోజూ పరీక్ష, ఫుల్ మార్కులొస్తే మెచ్చుకోలు. పిల్లల మెడల మీద నంబర్లు తప్ప వంక పెట్టడానికి ఏమీ లేదు. కోనీ అనే చిన్నపిల్లను ఎవరో పెంచుకోవడానికి తీసుకెళ్తున్నారని సాగనంపుతారు. ఆ పిల్ల కుందేలు బొమ్మ మర్చిపోతుంది. ఎమ్మా, నార్మన్ అది ఇచ్చొద్దామని గేటు దాకా పరిగెత్తుతారు. బండిలో చూస్తే ఆ పిల్ల శవం. అప్పటిదాకా మన దగ్గరున్న సరుకు ఒక గుడ్డబొమ్మ. గుర్తు పెట్టుకో, ఆ బొమ్మను ఇచ్చింది ఆ అమ్మే. పిల్లను పంపిందీ ఆవిడే.

ఇప్పుడు నీ దగ్గరికి వస్తాను. ఉత్తరం చివర ఏదో మామూలు సంగతి చెప్పినట్టు నాలుగు లైన్లు రాశావు. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉన్నానని, ప్రతి సోమవారం పొద్దున వీకెండ్ టెస్టు మార్కులు నోటీసు బోర్డు మీద పెట్టి సెక్షన్లు మార్చేవారని, పై సెక్షన్ నుంచి పడిపోయినవాడు ట్రంకుపెట్టె, పరుపు మోసుకుంటూ కింది అంతస్తుకు దిగుతుంటే మెట్ల మీద అందరూ గోడకు జరిగి దారి ఇచ్చేవారని. వార్డెన్ మంచాయనే, జ్వరమొస్తే ఇడ్లీ తెచ్చిపెట్టేవాడు, లిస్టు అతికించేదీ ఆయనే అని కూడా రాశావు. తమ్ముడూ, 40 పేజీల్లో లేనిది ఆ నాలుగు లైన్లలో ఉంది! చదువుతుంటే నా ఒళ్లు జలదరించింది. అది అనుభవించినవాడివి, కూలిన మేడల వెంట ఎందుకు పడ్డావు? ఆ హాస్టల్‌ను ఉన్నదున్నట్టు దించమని కాదు. అందులో ఒక్కటంటే ఒక్క నిబంధన కల్పించు, మిగతాదంతా నువ్వు చూసిందే ఉంచు. కింది అంతస్తు కింద ఇంకో అంతస్తు ఉందనుకో. ఊరికే అంటున్నా, నీకు ఇంతకంటే మంచిది తడుతుంది.

ఇంకో చిన్న సంగతి. మాంగాలా ఉండాలని నీ పేజీలు కుడి నుంచి ఎడమకు పేర్చావు. జపాన్‌లో అక్షరాలు పైనుంచి కిందికి, వరసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి బొమ్మల గళ్లు కూడా అటే నడుస్తాయి. మన కన్ను ఎడమ నుంచి కుడికి పోతుంది, కాబట్టి నువ్వూ అలాగే పేర్చు. పేజీ తిప్పడాన్ని వాళ్లు 'మెకురి' అంటారు, గీసేవాళ్లకు అదంటే చాలా పట్టింపు. తిప్పబోయే ముందున్న ఆఖరి గడిలో ఆశ పెట్టి, తిప్పాక గుండె ఆగేది చూపిస్తారు. మన పుస్తకంలో ఆ గడి కుడి పేజీ కింది మూలన వస్తుంది. నువ్వు శవాన్ని ఆ ఆఖరి గడిలోనే పెట్టేశావు, తిప్పడానికి ఇక ఏం మిగిలింది? అలాగే బొమ్మలకు షేడింగ్ ఇప్పుడే మొదలుపెట్టకు. వాళ్లు అసలు బొమ్మకు ముందు ఉత్త గళ్లూ, మాటలూ, పుల్లల్లాంటి మనుషులతో చిత్తుప్రతి వేసుకుని, దాన్ని 'నేమ్' అంటారు. ఎడిటర్ ముందు చూసేది అదే. పుల్లల బొమ్మలతో కడుపులో తిప్పకపోతే నల్ల సిరా పోసినా తిప్పదు.

కాబట్టి పాత 40 పేజీలు అలమరలో పెట్టు, చించకు. నాకు మూడు పేజీల నేమ్ పంపు. ఆదివారం రాత్రి స్టడీ అవర్ అయిపోయాక వార్డెన్ గదిలో లైటు వెలుగుతుంటుంది. లిస్టు చేతికొస్తుంది. అందులో పోయినవారం తను ఇడ్లీ తెచ్చిపెట్టిన కుర్రాడి పేరు ఉంటుంది. తెల్లారి ఆయన బోర్డు దగ్గరికి నడుస్తాడు. ఒక్క మాట కూడా రాయకు. ఆయన ఆ కాగితాన్ని గమ్ముతో అతికించేవాడా, గుండుపిన్నులు గుచ్చేవాడా, మెస్సులోంచి నాలుగు అన్నం మెతుకులు తెచ్చుకునేవాడా? అది గుర్తొచ్చేదాకా పెన్సిల్ ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య