ఇండెక్స్ ఉన్నా లాగిన్ లేటెందుకు?

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఆదివారం మారతహళ్లిలో మా ఇంట్లో నువ్వు అన్నం కెలుకుతూ చెప్పిన మాట ఇంకా మనసులోనే ఉంది. డేటాబేస్‌లో ఈమెయిల్ కాలమ్‌కి ఇండెక్స్ (పుస్తకం వెనక ఉండే పదాల పట్టిక లాంటిది) ఉన్నా లాగిన్ లేటవుతోంది, సర్వర్ పెద్దది అడగనా అన్నావు. అప్పుడే అడగకు నాన్నా. ముందు ఆ క్వెరీకి ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ పెట్టి, డేటాబేస్ దాన్ని ఎలా నడుపుతోందో చూడు. అందులో సీక్ స్కాన్ అని కనపడితే, టేబుల్ మొత్తం మొదటి వరస నుంచీ తిరగేస్తోందన్నమాట.

నీ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో నువ్వు ఐఎగ్జాక్ట్ (పెద్ద, చిన్న అక్షరాల తేడా లేకుండా పోల్చడం) అని రాస్తే, మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ దగ్గరికి వెళ్లేసరికి అది కాలమ్‌కీ, నువ్విచ్చిన విలువకీ అప్పర్ (అన్నీ పెద్దక్షరాలుగా మార్చే ఫంక్షన్) తగిలించుకుని వెళ్తుంది. నీ ఇండెక్స్ ఏమో ఉత్త ఈమెయిల్ మీద ఉంది. ఇక అది అక్కరకెలా వస్తుంది? అప్పర్ ఈమెయిల్ మీదే ఇండెక్స్ కట్టాలి. 2021లో వచ్చిన జాంగో 3.2 వెర్షన్ నుంచి దీన్ని మోడల్‌లోనే రాసుకోవచ్చు. చిన్నక్షరాలుగా మార్చే లోయర్ మీద మాత్రం కట్టకు. నేనోసారి అలా కట్టి, ఎందుకు పనిచేయట్లేదో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాను. జాంగో అడిగేది అప్పర్‌నే.

అడ్మిన్ పేజీలో పేరు మధ్యలో ముక్క కొట్టి వెతుకుతారన్నావు చూడు, ఆ ఐకంటైన్స్‌కి ఈ మందు పనిచేయదు. అది వెతికే ముక్కకి ముందూ వెనకా 'ఏదైనా ఉండొచ్చు' అనే శాతం గుర్తు పెడుతుంది. ముందే ఆ గుర్తు ఉంటే, వరసగా పేర్చుకునే మామూలు బీ-ట్రీ ఇండెక్స్‌కి మొదలెక్కడో తెలియదు. దానికి పోస్ట్‌గ్రెస్‌లో పీజీ ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ వేసి, జిన్ అనే ఇంకో రకం ఇండెక్స్ కట్టాలి, అదీ అప్పర్ మీదే. అది మాటని మూడేసి అక్షరాల ముక్కలుగా దాచుకుంటుంది. 'రావు' కోసం ఆర్, ఏ, ఓ అని మూడక్షరాలు కొట్టినా దొరకబుచ్చుకుంటుంది కానీ, రెండే కొడితే పెద్దగా సాయపడదు. కనీసం మూడు కొట్టాకే వెతికేలా పెట్టు. మన తెలుగు అక్షరాలకి పెద్దవీ చిన్నవీ లేవు కాబట్టి ఈ అప్పర్ అవస్థంతా ఇంగ్లీషులో రాసిన పేర్లతోనే.

నీ లాప్‌టాప్‌లో వంద వరసలు పెట్టుకుని పరీక్షించకు. టేబుల్ చిన్నదైతే ఇండెక్స్ ఉన్నా పోస్ట్‌గ్రెస్ దాన్ని వాడదు, నువ్వేమో తప్పు కట్టానని టెన్షన్ పడతావు. అసలు డేటా అంత సైజున్న కాపీ మీదే చూడు.

లైవ్‌లో కట్టేటప్పుడు యాడ్ ఇండెక్స్ కంకరెంట్లీ వాడు, దాన్ని రాసే మైగ్రేషన్‌లో (టేబుల్ మార్పులు చేసే ఫైల్లో) అటామిక్ ఫాల్స్ పెట్టడం మర్చిపోకు. కంకరెంట్లీ లేకుండా కడితే ఇండెక్స్ తయారయ్యేదాకా ఆ టేబుల్‌లోకి కొత్తగా ఏదీ ఎక్కదు, జనం రిజిస్టర్ చేసుకోలేక ఆగిపోతారు. శనివారం ఆ ప్లాన్ అవుట్‌పుట్ పట్టుకుని రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న