ఫిలిప్పీన్స్ నేవీ మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. ఫిలిప్పీన్స్ నేవీ గురించి తెలుగులో ఇంత వివరంగా రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. వాళ్లు మన దగ్గర కొన్న బ్రహ్మోస్ క్షిపణుల వార్త వస్తే తప్ప మన పత్రికల్లో ఆ దేశం ఊసే రాదు. నువ్వు అక్కడితో ఆగలేదు. కానీ అమ్మా, ఓడల పేర్లు, టన్నులు, క్షిపణుల రేంజ్‌లు వరసగా పేర్చుకుంటూ పోయావు. చేతిలో డబ్బు లేని దేశం నేవీని కట్టుకుంటున్న కథ ఇది. అందులో డబ్బే కనిపించలేదు. మళ్లీ రాసేటప్పుడు డబ్బు వెంట నడువు. ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ చాలలేదు, చాలనప్పుడు వాళ్లు ఏది వదులుకున్నారు అని అడుగుతూ పో.

చరిత్రకు ఒక్క పేరా చాలు. 1991లో వాళ్ల సెనేట్ 12-11 ఓట్లతో అమెరికా స్థావరాల ఒప్పందాన్ని తిరస్కరించింది. 1992 చివరికల్లా అమెరికా నేవీ అక్కడి తన పెద్ద స్థావరం సూబిక్ బే ఖాళీ చేసి వెళ్లిపోయింది. 1995లో ఫిలిప్పీన్స్ తనదనే మిస్చీఫ్ రీఫ్ అనే పగడపు దిబ్బ మీద చైనా కట్టడాలు లేచాయి. అదే ఏడాది సైన్యం ఆధునికీకరణకు చట్టం చేశారు గానీ, 1997 ఆసియా ఆర్థిక సంక్షోభం దాన్ని తినేసింది. మళ్లీ గట్టిగా చట్టం తెచ్చుకున్నది 2012లో. మధ్యలో పోయిన ఆ పదిహేడేళ్లే అసలు సంగతి. అది పాఠకుడికి అర్థమైతే చాలు, మిగతా తేదీలన్నీ తీసేయ్.

గ్రెగోరియో దెల్ పిలార్ అనే యుద్ధనౌక గురించి నువ్వు రెండు వాక్యాలు రాసి వదిలేశావు. నేనైతే అక్కడ రెండు పేజీలు ఆగుతాను. అది 1967లో అమెరికా కోస్ట్ గార్డ్‌లో చేరిన హామిల్టన్ అనే ఓడ. 2011లో ఫిలిప్పీన్స్‌కు వచ్చింది. దానికి డబ్బు ఎక్కడిదో తెలుసా? పలావన్ దీవి పక్కన సముద్రంలో మలంపాయా అనే గ్యాస్ క్షేత్రం ఉంది. దాని ఆదాయం నుంచి తీశారు. గ్యాస్ బావికి కాపలా కావాలి కాబట్టి గ్యాస్ డబ్బుతోనే ఓడ తెచ్చుకున్నారు. ఇచ్చే ముందు అమెరికా వాళ్లు దగ్గరకొచ్చే క్షిపణులను కూల్చే ఫాలాంక్స్ గన్‌ను విప్పి తీసుకున్నారు. ముందున్న 76 మిల్లీమీటర్ల గన్ మిగిలింది. ఆ ఓడలో డీజిల్ ఇంజన్లతో పాటు గ్యాస్ టర్బైన్లు కూడా ఉంటాయి. టర్బైన్లు ఆన్ చేస్తే వేగం బాగుంటుంది, ఇంధనం మాత్రం ధారగా పోతుంది. అంత పాత యంత్రాలకు విడిభాగాలు దొరకవు. చవగ్గా వచ్చిన ఓడ ఎందుకు చవక కాదో ఈ ఒక్క ఇంజన్ గదిలో చూపించొచ్చు నువ్వు.

ఆ వెంటనే 2012 ఏప్రిల్‌కు వెళ్లు. రెండు దేశాలూ తమదనే స్కార్‌బరో షోల్ (నీళ్లలో మునిగి తేలే దిబ్బ) దగ్గర ఇదే ఓడ చైనా చేపల పడవలను ఆపింది. లోపల చూస్తే రాక్షసి ఆల్చిప్పలు, పగడాలు, బతికున్న సొరచేపలు. అంతలో చైనా నిఘా నౌకలు వచ్చి మధ్యలో నిలబడ్డాయి. అవి యుద్ధనౌకలు కావు. వాటి ముందు యుద్ధనౌకను నిలబెడితే గొడవ మొదలుపెట్టిన నింద తమ మీద పడుతుందని మనీలా తన ఓడను వెనక్కి పిలిచి, కోస్ట్ గార్డ్ ఓడను పంపింది. నెలలు గడిచేసరికి ఆ షోల్ చైనా చేతిలో ఉంది. తమ దగ్గరున్న అతి పెద్ద యుద్ధనౌక అక్కడే ఉండి కూడా అక్కరకు రాలేదు. వాళ్లు ఆ తర్వాత కోస్ట్ గార్డ్ మీద ఎందుకంత ఖర్చు పెట్టారో, జపాన్ దగ్గర గస్తీ నౌకలు ఎందుకు తెచ్చుకున్నారో నువ్వు వేరే వివరించనక్కర్లేదు. ఈ సంఘటన సరిగ్గా రాస్తే అదే చెబుతుంది.

ఇక జోస్ రిజాల్ అనే ఫ్రిగేట్, అంటే మధ్యస్థాయి యుద్ధనౌక. "ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు" అని రాశావు. సామెత బాగుంది, న్యాయం లేదు. తీసేయ్. 2016 అక్టోబరులో కొరియాలోని హ్యుందయ్‌తో రెండు ఫ్రిగేట్లకు ఒప్పందం చేసుకున్నారు. ఓడలకు 1,600 కోట్ల పెసోలు, ఆయుధాలకు 200 కోట్లు. అది దాటడానికి వీల్లేని గీత. అందుకే ఎనిమిది క్షిపణులు నిలువుగా పట్టే లాంచర్‌కు డెక్ మీద చోటు వదిలి, లాంచర్ కొనకుండా ఆగారు. దగ్గరి రక్షణ గన్‌కూ చోటే ఉంచారు. 2020 జులైలో ఓడ నేవీలో చేరినప్పుడు ఆ చోట్లు ఖాళీగానే ఉన్నాయి. అది పిసినారితనం కాదమ్మా. ఓడ ముప్పై ఏళ్లుంటుంది. గన్ రేపైనా బిగించుకోవచ్చు, డెక్ కింద వదలని చోటును రేపు పుట్టించలేరు. అదే హ్యుందయ్ దగ్గర తర్వాత కొన్న మిగెల్ మాల్వర్ అనే ఫ్రిగేట్ 2025 మేలో చేరింది. అది 16 క్షిపణులు పట్టే నిలువు లాంచర్‌తోనే వచ్చింది. ముందు కొన్న ఓడలో వదులుకున్నది తర్వాతి ఓడలో తెచ్చుకున్నారు. వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే.

రిజాల్ ఫ్రిగేట్ల టెండర్‌లో అన్నిటికన్నా తక్కువ ధర కోట్ చేసింది మన కోల్‌కతా గార్డెన్ రీచ్ షిప్‌యార్డే. ఆర్థిక సామర్థ్యం నిబంధన దగ్గర ఆగిపోయింది. ఇది నీ వ్యాసంలో లేదు, చేర్చు. ఓడ మెదడు లాంటి పోరాట నిర్వహణ వ్యవస్థ ఎవరిది పెట్టాలన్న గొడవలో 2017 డిసెంబరులో నేవీ అధిపతి పదవే పోయింది. దాని మీద 2018లో సెనేట్ విచారణ జరిగింది. నేవీ ఒక కంపెనీది కావాలంది, ఒప్పందం రాతలో ఎంపిక హక్కు ఓడ కట్టేవాళ్లకు పోయింది. ఎవరిది తప్పు అనే తీర్పు నువ్వు ఇవ్వొద్దు. ఆ నిబంధన ఏం చెప్పిందో, దానివల్ల ఏం జరిగిందో రాస్తే చాలు.

బ్రహ్మోస్ దగ్గర నీ కలం జోరందుకుంది. హైదరాబాద్‌లో బ్రహ్మోస్ కేంద్రం ఉంది, మనవాళ్ల చేతి పని ఉంది, గర్వం సహజం. ఆ గర్వాన్ని ఒక వాక్యంలో పెట్టి లెక్కలోకి రా. 2022 జనవరిలో మూడు బ్యాటరీలకు, అంటే లాంచర్ వాహనాలున్న మూడు క్షిపణి దళాలకు సరిపడే సామగ్రికి, దాదాపు 37.5 కోట్ల డాలర్ల ఒప్పందం. 2016 నాటి మారకం రేటులో చూస్తే ఆ రెండు ఫ్రిగేట్లకూ దాదాపు అంతే అయింది. అంటే రెండు కొత్త యుద్ధనౌకలకు సరిపడే డబ్బు తీసి ఒడ్డున నిలబడే క్షిపణుల మీద పెట్టారు. ఆ నిర్ణయం మీద నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు! క్షిపణి 290 కిలోమీటర్లు పోతుందని మూడుసార్లు రాశావు. తీరంలో టవర్ మీద పెట్టిన మామూలు రాడార్‌కు సముద్రం మీది ఓడ 40, 50 కిలోమీటర్ల దాకానే కనిపిస్తుంది, భూమి వంపు అడ్డొస్తుంది. మిగతా దూరంలో ఓడ ఎక్కడుందో చెప్పేదెవరు? విమానాలు, డ్రోన్లు కావాలి. జపాన్ తన దగ్గర శిక్షణకు వాడిన ఐదు చిన్న టీసీ-90 విమానాలను వీళ్లకిచ్చింది. వాటికి రెండు పేరాలు కేటాయించు. క్షిపణి ఫొటోలు అందరూ వేస్తారు, దానికి దారి చూపే చిన్న విమానం గురించి ఎవరూ రాయరు.

సియెర్రా మాద్రే అనే పాత నేవీ ఓడను "తుప్పు పట్టిన ఇనుప కుప్ప" అన్నావు. ఆ మాట మార్చు. 1944 నాటి ఆ ఓడను 1999లో చైనా కూడా తనదనే అయుంగిన్ షోల్ మీద కావాలనే ఎక్కించి నిలబెట్టారు. అందులో మెరైన్లు ఇప్పటికీ కాపురం చేస్తున్నారు. 2024 జూన్ 17న వాళ్లకు సరుకులు తీసుకెళ్తున్న రబ్బరు పడవలను చైనా సిబ్బంది గొడ్డళ్లు, కత్తులతో అడ్డుకున్నారు. ఒక నావికుడి బొటనవేలు తెగింది. ఆ ఓడ పేరు నేవీ జాబితాలోంచి తీసేయలేదు కాబట్టి, దాని మీద దాడి జరిగితే అమెరికాతో 1951లో చేసుకున్న రక్షణ ఒప్పందం ముందుకొస్తుంది. కొత్త ఓడ కొనలేని రోజుల్లో పాత ఓడతో చేసిన పని అది. ఆ మనుషుల్ని ఎగతాళి చేసే మాట నీ వ్యాసంలో ఒక్కటి కూడా ఉండకూడదు.

నువ్వుండేది విశాఖలో కదా. మన సింధుకీర్తి జలాంతర్గామి రీఫిట్ (పూర్తిగా విప్పి చేసే మరమ్మతు) హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో 2006లో మొదలై 2015లో ముగిసింది. అప్పట్లో అక్కడ పనిచేసి రిటైరైన ఫిట్టర్లు, వెల్డర్లు మీ చుట్టుపక్కల ఉంటారు. ఒక పాత పంపు విప్పితే లోపల ఇంకేం బయటపడుతుందో, విడిభాగం కోసం పని ఎలా ఆగిపోతుందో వాళ్లను అడిగి రాసుకో. ఫిలిప్పీన్స్ పేరు ఎత్తక్కర్లేదు, టీ తాగుతూ అడుగు చాలు. తర్వాత దెల్ పిలార్ ఇంజన్ గది పేరా మళ్లీ రాయి.

ఇంకొకటి. బిలియన్లు, మిలియన్లు అన్నిచోట్లా కోట్లలోకి మార్చు. పెసోలను రూపాయల్లోకి మార్చొద్దు, రేటు మారినప్పుడల్లా నీ వ్యాసం తప్పవుతుంది. మార్చి రాశాక పంపు, సంక్రాంతి లోపు చదివి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య